లాయరుగారి సోఫా విరగాలి

మా అత్తగారు రోజూ పొద్దున్నే, నేను షాపు షట్టరు ఎత్తగానే, గుమ్మం పక్కనున్న కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, లాయరుగారి సోఫా విరిగిపోవాలని దేవుణ్ణి వేడుకునేవారు. లాయరుగారి మీద ఆవిడకి కోపమేమీ లేదు. "కూర్చున్నవాళ్లకి దెబ్బ తగలకూడదు తండ్రీ, సోఫా మాత్రం విరగాలి" అని జాగ్రత్తగా షరతు కూడా కలిపేవారు. మాది సోఫాలు తయారుచేసే, పాతవి బాగుచేసే షాపు. దాంతో ఈ ప్రార్థన చెవిన పడ్డ కొత్తవాళ్లు నా వంక అదోలా చూసేవారు. బేరాలు లేక పెద్దావిణ్ణి ఈ పనికి కూర్చోబెట్టాననుకునేవారు కాబోలు. ఎంతమందికని చెప్పుకోను?

అసలు గొడవంతా అత్తగారి ఎడమ చెవి గురించి. కుడి చెవికి ఎర్రరాయి పొదిగిన బంగారు కమ్మ ఉంటుంది. ఎడమ చెవి బోసి. మా ఆవిడని బళ్లో వేసిన ఏడాది, ఎడమ కమ్మ మర వదులైతే, కంసాలికి చూపించమని అత్తగారు దాన్ని మావగారి చేతికిచ్చారు. ఆయన చొక్కా జేబులో వేసుకున్నారు. ముందు చేతిలో ఉన్న పని ముగిద్దామని షాపుకొచ్చి, సోఫాలోకి వంగి పీచు కూరారు, గోనెగుడ్డ కుట్టారు, పైన రెక్సిను బిగించారు. సాయంత్రం చూసుకుంటే జేబులో కమ్మ లేదు.

"సోఫాలో పడిపోయింది" అన్నారు మావగారు.

"పడలేదు. మీ అక్కకిచ్చారు" అన్నారు అత్తగారు.

మావగారి అక్కగారు సరిగ్గా ఆ రోజే చుట్టపుచూపుగా వచ్చి వెళ్లారు. అదీ ఆయన ఖర్మ. ఒక్క కమ్మ తీసుకుని ఆవిడేం చేసుకుంటుందని, పెళ్లైన కొత్తలో, తెలియక నేనొకసారి అడిగాను. "కరిగించుకుంటుంది" అన్నారు అత్తగారు, ఆ మాత్రం తెలియని అల్లుడు దొరికాడేమిటా అన్నట్టు. అప్పటినుంచీ ఆడపడుచుతో మాటల్లేవు. పెళ్లిళ్లలో ఎదురెదురుగా భోజనాలకి కూర్చోవలసి వస్తే, వదినా మరదళ్లిద్దరూ గోడకి వేసిన రంగు చూసుకుంటూ తినేసి లేచేవారు.

కొత్త జత కొంటానని మావగారు ఎంత బతిమాలినా అత్తగారు మెత్తబడలేదు. "ఆ కమ్మ సోఫాలోంచి బయటపడిన రోజున మీ మాట నమ్ముతాను. అందాకా నాకేమీ వద్దు" అని తేల్చేశారు. ఒంటి కమ్మతోనే తిరిగారు. ఫొటో తీసేటప్పుడు మాత్రం కుడి చెవి కనబడేలా పక్కకి తిరిగేవారు. మా ఇంట్లో ఏ ఫొటో చూసినా అందరం కెమెరా వైపు చూస్తుంటాం, అత్తగారొక్కరు పక్కింటివాళ్లని పిలుస్తున్నట్టుంటారు. మా పెళ్లి ఫొటోలు చూసి, మీ అత్తగారికి ఈ సంబంధం ఇష్టం లేదా అని మా చిన్నాన్న అడిగాడు.

పోయిన వస్తువు ఊరికే దొరకదని అత్తగారి సిద్ధాంతం. ఎవరో ఒకరు అడగాలి, దేవుడు వినాలి, అప్పుడే దొరుకుతుంది. మా షాపులో కూర్చుని ఇలాంటి సిద్ధాంతం పెట్టుకోవడం చాలా తేలిక. పాత సోఫా ఏది విప్పినా ఏదో ఒకటి రాలుతుంది. తాళంచెవులు, పెన్నులు, చెంచాలు, కళ్లజోళ్లు, ఒకసారి పూర్తి పళ్ల సెట్టు. సీటుకీ వీపుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంటే వస్తువులు జారక ఏమవుతాయి, దీనికి దేవుడెందుకు అని నా వాదన. కానీ నా వాదన ఆ షాపులో ఎవరిక్కావాలి? దొరికినవన్నీ ఒక గాజు సీసాలో వేసి అత్తగారు దగ్గర పెట్టుకునేవారు. సోఫా తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు ఆవిడ ప్రశ్నకి జవాబు చెప్పాకే వస్తువు చేతికొచ్చేది.

పళ్ల సెట్టు తాలూకు ఆయన పెద్ద ఆఫీసరు. పాపం నిజం చెప్పబోయాడు.

"ఇది దొరకాలని ఎవరు ప్రార్థించారు నాయనా?"

"ఎవరూ లేదండీ. మా నాన్నగారివి. ఆయన కొత్తవి కట్టించుకున్నారు కూడా."

"అయితే మీ అమ్మగారు ప్రార్థించి ఉంటారు."

"అబ్బే, మా అమ్మ ఆ రోజుల్లో ఆయన నోరు మూతపడిందని హాయిగా..."

"ఎవరో ఒకరు ఉంటారు నాయనా. మనకి తెలియకుండా మన కోసం అడిగేవాళ్లుంటారు. ఇంటికెళ్లి కనుక్కుని రా." ఆఫీసరు రెండోసారి వచ్చి, మా ఆవిడ అడిగిందటండీ అని అబద్ధం చెప్పి పళ్లు తీసుకెళ్లాడు. తర్వాత వచ్చినవాళ్లంతా అదే దారి పట్టారు.

కమ్మ పోయిన ఆ రోజుల్లో మావగారి చేతిలో ఉన్నవి మూడు సోఫాలు. డాక్టరుగారిది ఒకటి, హెడ్మాస్టరుగారి గదిలోది ఒకటి, లాయరుగారిది ఒకటి. మూడూ ఒకే రకం, ఒకే రెక్సిను. ఏ పూట దేనిలోకి వంగారో ఆయనకే గుర్తులేదు. మొదటి రెండూ ఎప్పుడో మా దగ్గరికి తిరిగొచ్చాయి, చట్రం దాకా విప్పాం, ఏమీ లేదు. మూడోది మాత్రం చెక్కు చెదరలేదు. అందులో తప్పు మావగారిదే. అంత గట్టిగా చేశారు. "నేను బిగించిన చట్రం అది. మీ అత్తయ్య ప్రార్థనలకి విరుగుతుందా?" అని నా దగ్గర మీసం దువ్వేవారు. అది విరక్కపోతే తన మాట నిలబడదని మరుక్షణమే గుర్తొచ్చి నీరుగారిపోయేవారు.

ఒకసారి అత్తగారు నన్ను వెంటబెట్టుకుని నేరుగా లాయరుగారి ఆఫీసుకే వెళ్లారు. ఆయన ఆ సోఫాలోనే వెనక్కి వాలి కూర్చుని అంతా విన్నారు.

"అంటే నా సోఫాలో మీ బంగారం ఉందంటారు."

"అవునండీ. విప్పి చూసి మళ్లీ కుట్టి ఇచ్చేస్తాం."

"అది సరేనమ్మా. ఇది మీవారి చేతి పని. ఆయన చేతులిప్పుడు వణుకుతున్నాయి. మళ్లీ కుట్టేదెవరు?"

"మా అల్లుడుగారు."

లాయరుగారు నన్ను ఎగాదిగా చూశారు. "దానంతటది విరిగిన రోజున పంపిస్తాలెండి" అన్నారు.

నాకు తల తీసేసినట్టయింది. ఆ రోజు నుంచీ ఆ సోఫా విరగాలని నేను కూడా కోరుకున్నాను. ప్రార్థన అనను, కోరుకున్నానంతే. అత్తగారు మాత్రం ప్రార్థనకి తోడు తన ప్రయత్నం తాను చేసేవారు. షాపుకొచ్చినవాళ్లలో కాస్త భారీ మనిషి కనిపిస్తే చాలు, "మీకు కోర్టు గొడవలేమీ లేవా నాయనా? మాకు తెలిసిన మంచి లాయరున్నారు, వెళ్లి కాసేపు కూర్చుని రా" అనేవారు.

చివరికి విరిగింది. లాయరుగారే దాని మీద కూర్చుని, పక్కనున్న పార్టీతో "భారమంతా నా మీద వేసి మీరు నిశ్చింతగా ఉండండి" అని అభయమిస్తుండగా ముందు కాలు విరిగింది. ఇద్దరూ మెల్లగా ఒక పక్కకి జారి నేల మీద కూర్చున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పార్టీ మాత్రం వేరే లాయర్ని చూసుకున్నాడని తర్వాత తెలిసింది.

"విన్నారా అల్లుడుగారూ? ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదట!" అన్నారు అత్తగారు, ముఖం వెలిగిపోతుండగా.

"కాలికి చెద పట్టిందటండీ" అన్నాను.

"ఆ చెదకి చెప్పిందెవరు?" అన్నారావిడ.

వారం రోజుల్లో పంపిస్తానని లాయరుగారు కబురు చేశారు. ఇంట్లో పండగలా ఉండాల్సింది పోయి, మావగారికి అన్నం సహించడం మానేసింది. ఒక మధ్యాహ్నం షాపులో మేమిద్దరమే ఉన్నప్పుడు నన్ను పక్కకి పిలిచారు.

"ఇదే ఆఖరిది కదూ?"

"అవునండీ."

"ఇందులో కూడా లేకపోతే?"

"ఉంటుంది మావయ్యగారూ. సోఫాలోనే పడిందని మీరే అన్నారు కదా."

"పడిందనే అనుకున్నాను. ఒకవేళ జేబులోంచి దారిలోనే జారిపోయుంటే? షాపు ఊడ్చినప్పుడు చెత్తలో పోయుంటే? అబద్ధమైతే ఆడలేదయ్యా. మా అక్కకిచ్చానని అంటుందే, అదే నా వల్ల కావడం లేదు. నేను పోయేలోపు మీ అత్తయ్య ఒక్కసారి నా మాట నమ్మితే చాలు." ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి, ఆయన కూతుర్ని చేసుకున్నవాణ్ణి. ఆ ముసలాయన అలా నిలబడి అడుగుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

ఆ సాయంత్రమే గోడ మీంచి మా పెళ్లి ఫొటో దించి కంసాలి దగ్గరికి పట్టుకెళ్లాను. అత్తగారు పక్కకి తిరగడం పుణ్యమా అని కమ్మ రాయితో సహా స్పష్టంగా కనబడుతోంది. ఇలాంటిది ఒకే ఒక్కటి కావాలన్నాను. కంసాలి ఫొటో చూసి నవ్వాడు.

"ఈ మోడలు ఈ మధ్య బాగా నడుస్తోందండీ" అన్నాడు.

పాత మోడలుని కించపరచకుండా మాట్లాడుతున్నాడు, మర్యాదస్థుడు అనుకున్నాను.

శనివారం సోఫా వచ్చింది. సోమవారం పొద్దున అందరి ఎదుటా విప్పాలని అత్తగారి ఆజ్ఞ. ఆదివారం షాపుకి సెలవు. భోజనం కాగానే, షట్టరుకి నూనె వెయ్యాలని మా ఆవిడతో చెప్పి షాపుకెళ్లాను. సీటు ఎడమ మూల జానెడు కుట్టు విప్పి, కమ్మని పీచులోకి లోతుగా దోపి, మళ్లీ కుట్టేశాను. కుడుతూ చూస్తే అవతలి మూల కుట్టు దారం తళతళలాడుతోంది. ఇన్నేళ్లైనా రంగు తగ్గలేదు, మావగారు ఎంత మంచి దారం వాడేవారో అని మెచ్చుకున్నాను కూడా. నా అంత వెర్రివెంగళప్ప ఇంకొకడుంటాడా?

సోమవారం పొద్దున అత్తగారు తన కుర్చీలో కూర్చున్నారు. మావగారు స్టూలు మీద. మా ఆవిడ కుట్టుమిషను దగ్గర నిలబడింది. షాపులో సోఫా కవర్లన్నీ కుట్టేది ఆవిడే. లాయరుగారు కూడా, ఏం దొరుకుతుందో చూద్దామని, కోర్టు మానేసి వచ్చారు. అత్తగారు చాలాసేపు కళ్లు మూసుకుని ఉండి, "కానివ్వండి" అన్నారు.

నేను కుడి వైపు నుంచి మొదలుపెట్టాను. ఎడమ మూలలో ఉన్నది ఆఖరున బయటపడితే బాగుంటుందని నా ఎత్తు. మేకులు లాగాను, రెక్సిను మడిచాను, కుడి మూల పీచులోకి చెయ్యి పెట్టానో లేదో, ఎర్రరాయి కమ్మ నా వేళ్ల మధ్యకి వచ్చింది.

నేను పెట్టింది ఎడమ మూలలో. ఇది కుడి మూల. చేతిలో సుత్తి జారిపోయింది. ఇన్నేళ్లూ ఈ మహా ఇల్లాలి ప్రార్థనల్ని వెక్కిరించాను, క్షమించు తండ్రీ అని మనసులో లెంపలు వేసుకున్నాను. "అత్తయ్యగారూ, దొరికింది!" అని అరిచాను. నిజంగానే నా కళ్లమ్మట నీళ్లు వచ్చాయి.

అరుస్తూ సోఫాని ఒక కుదుపు కుదిపానేమో, ఎడమ మూలలోంచి నా కమ్మ రాలి నేల మీద టింగుమంది. దాని వెనకాలే, సీటు వెనక సందులోంచి మరొకటి దొర్లుకుంటూ వచ్చి లాయరుగారి బూటు దగ్గర ఆగింది.

లాయరుగారు వంగి మూడోదాన్ని తీసి, అత్తగారి ముఖం వైపు కాసేపు పరీక్షగా చూశారు.

"అడగకూడదు గానీ అమ్మా, మీకు మొత్తం ఎన్ని చెవులు?"

అత్తగారు చెయ్యి చాపారు. మూడింటినీ అరచేతిలో వేసుకుని చూశారు. మూడూ నిన్న మొన్న కొలిమిలోంచి వచ్చినట్టు మెరుస్తున్నాయి.

"నా చెవిలో పువ్వు పెట్టడానికి ఒక్కరు చాలలేదా? ముగ్గురు కావలసి వచ్చారా?" అన్నారు.

"ఎడమ మూలది నాదండీ" అన్నాను.

"కుడి మూలది నాదమ్మా. మొన్న కవరు కొలతలు తీయాలని వచ్చినప్పుడు" అంది మా ఆవిడ, తల వంచుకుని. దారం ఎందుకు తళతళలాడిందో నాకప్పుడు తెలిసొచ్చింది. కంసాలి నవ్వు కూడా గుర్తొచ్చింది. ఊళ్లో ఇంకెవరైనా ఈ పని చెయ్యాలంటే, సోఫా విప్పడం చేతకాక మానుకునేవారు. మా ఇంట్లో అందరికీ చేతనయి చచ్చింది.

మిగిలింది మూడోది. అత్తగారు మావగారి వైపు తిరిగారు.

"మీరు కూడానా?"

మావగారు అవునన్నట్టు తలూపారు.

"అంటే ఇందులో లేదని మీకు ముందే తెలుసన్నమాట."

"తెలియదే. తెలియకే పెట్టాను."

"పడిపోయిందన్న మనిషి, వెతకకముందే ఇంకోటి చేయించి పెట్టుకున్నాడు. దీన్నేమంటారు లాయరుగారూ?"

"చట్టప్రకారం చూస్తే, దొంగ సాక్ష్యం..." అని లాయరుగారు ఉత్సాహంగా మొదలుపెట్టి, మా ఆవిడ చూసిన చూపుకి ఆగిపోయారు.

అత్తగారు మూడు కమ్మలూ గాజు సీసాలో వేసి మూత పెట్టారు. "ఇంటికెళ్దాం పదవే" అన్నారు కూతురితో. ఆ గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. మావగారు స్టూలు మీద చిన్నపిల్లాడంత అయిపోయి కూర్చున్నారు. నిజం చెప్పిన మనిషి, ఆ నిజాన్ని కాపాడుకోవాలని తన చేతులతోనే దాన్ని పాడుచేసుకున్నాడు. మేమిద్దరం తలో చెయ్యీ వేశాం.

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. అందరి మీదా, నా మీద ఎక్కువ. ఆ కోపం సోఫా మీద చూపించాను. ఎలాగూ మళ్లీ చెయ్యాల్సిందే కదా అని గోనెగుడ్డ బర్రున చింపాను. పీచంతా లాగి పారేశాను. స్ప్రింగులు ఒక్కొక్కటీ పెరికాను. పట్టీలు కోశాను. "అయ్యో, నా సోఫా" అంటున్నారు లాయరుగారు. నేను వినిపించుకోలేదు. చట్రాన్ని తలకిందులు చేసి దబదబా బాదాను. సోఫా చెయ్యీ సీటూ కలిసే చోట, చెక్కల సందులో, ఏళ్ల తరబడి పేరుకుపోయిన పీచు ముద్ద ఒకటి ఊడి పడింది. అందులో ఏదో ఎర్రగా మెరిసింది.

నేను దాన్ని దులిపి పైకెత్తి చూపించాను. ఎవరూ సంతోషించలేదు.

"ఇంకా ఎన్ని చేయించారండీ?" అంది మా ఆవిడ విసుగ్గా.

"ఒట్టు! ఇది నాది కాదు!"

"మావయ్యగారూ, రెండు పెట్టారా?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. లాయరుగారు, నాకేం తెలియదన్నట్టు రెండు చేతులూ ఎత్తారు.

అప్పటికే గుమ్మం దాటిన అత్తగారు వెనక్కి వచ్చి దాన్ని తీసుకున్నారు. రాయి వైపు చూడలేదు. తిప్పి, వెనక మర చూశారు. మర చుట్టూ మట్టిరంగు దారం చుట్టి ఉంది. గోటితో గీరారు. కింద పసుపు రంగు కనబడింది.

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు.

"నీ పసుపు గౌను అంచులోంచి లాగిన దారమే ఇది" అన్నారు కూతురితో. "మర నిలవకపోతే నేనే చుట్టాను. ఈ సంగతి నేనెవరితోనూ అనలేదు."

"అందుకేనా బళ్లో ఆ గౌను అంచు ఎప్పుడూ ఊడి వేలాడుతుండేది!" అంది మా ఆవిడ. అంది గానీ ఏడుస్తూనే అంది.

మావగారు లేచి దగ్గరికి వచ్చారు. తాకడానికి ధైర్యం చాలనట్టు నిలబడ్డారు. అత్తగారు దారం విప్పి, ఎడమ చెవికి కమ్మ పెట్టుకోబోయారు. అది లోపలికి పోలేదు. మా ఆవిడ వచ్చి చూసింది.

"అమ్మా, కన్నం పూడిపోయింది."

అప్పుడు మావగారు, నేనెప్పుడూ వినని గొంతుతో అన్నారు: "కమ్మ రావాలని రోజూ దేవుణ్ణి వేడుకున్నదానివి, ఇన్నేళ్లలో ఆ కన్నంలో ఒక్క దారం ముక్కైనా పెట్టుకోలేదేమే? వస్తుందని నువ్వు అనుకోనే లేదు."

"వస్తుందనుకుంటే అడగడమెందుకు?" అన్నారు అత్తగారు. "నమ్మకం కుదరకే అడిగాను. ఈయన మాట నిజం చెయ్యి తండ్రీ, ఈ మనిషిని అబద్ధాలకోరుగా అనుకుంటూ బతకలేకపోతున్నాను అని అడిగాను."

మావగారు చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నారు. ఆయన్ని చూసి నేను, నన్ను చూసి లాయరుగారు అదే పని చేశాం. అత్తగారు మాత్రం ఏడవలేదు. కమ్మని గుప్పిట్లో బిగించుకున్నారు. మావగారి సంగతి తేలిపోయింది. ఆవిడకి ఇంకొక సంగతి మిగిలే ఉందని మాకందరికీ తెలుసు, ఎవరం కదిలించలేదు.

"నీ ఫోనిలా ఇవ్వు" అన్నారు చివరికి కూతురితో. "వదినకి కలుపు."

మా ఆవిడ నంబరు కలిపి, స్పీకరు పెట్టి, అత్తగారి చేతికిచ్చింది. అవతల ఫోనెత్తారు.

"వదినా, నేను" అన్నారు అత్తగారు. ఒక మనిషి గొంతు సవరించుకోవడానికి అంతసేపు పడుతుందని నాకు తెలియదు. "కమ్మ దొరికింది వదినా. సోఫాలోనే ఉంది."

అవతల ఏమీ వినిపించలేదు. పెట్టేశారేమోనని మా ఆవిడ ఫోను వైపు వంగింది. అప్పుడు ముసలి గొంతు ఒకటి షాపంతా దద్దరిల్లేలా పలికింది.

"దొరికిందా! నాకు తెలుసే అమ్మాయ్! రోజూ అడుగుతూనే ఉన్నాను. నా మీద పడ్డ మాట పోయేదాకా నన్ను తీసుకుపోకు తండ్రీ, ఆ కమ్మ దొరికేలా చెయ్యి తండ్రీ అని ఒక్క పూట కూడా మానకుండా అడిగాను. చూశావా, నా మొర విన్నాడు!"

ఈ షాపులో రాలిన ప్రతి తాళంచెవికీ, ప్రతి చెంచాకీ ఎవరి ప్రార్థన ఫలించిందో తేల్చి చెప్పిన మనిషి మా అత్తగారు. అలాంటిది ఇంత పెద్ద ఫలితాన్ని, అందులోనూ ఆడపడుచుకి వదులుకుంటారా? మావగారు కళ్లు మూసుకున్నారు. ఆయన కూడా ప్రార్థిస్తున్నట్టే కనబడ్డారు.

అత్తగారు విరిగిన సోఫా కాలు వైపు చూశారు. గుప్పిట విప్పి కమ్మ వైపు చూశారు.

"అవును వదినా" అన్నారు. "మీ ప్రార్థనే విన్నాడు. నేనెంతసేపూ సోఫా విరగాలనే అడిగాను. కమ్మ దొరకాలని అడిగింది మీరే."

అక్కతో తనూ ఒక మాట మాట్లాడాలని మావగారు చెయ్యి చాపారు. అత్తగారు ఫోను ఇవ్వలేదు. స్పీకరు తీసేయమని కూతురికి సైగ చేసి, బోసి చెవికి ఆనించుకుని, కుర్చీని అటు తిప్పుకుని కూర్చున్నారు.